మన బండి: గొలుసు గలగల

యలహంకలో మనవాళ్ల ఇళ్లముందు ఇంకా ఒకటీ అరా అంబాసిడర్లు కనిపిస్తాయి. 2014లో తయారీ ఆగిపోయినా, నాన్నగారి బండిని అమ్మడానికి మనసొప్పదు. ఇంజను ముందువైపు గలగలమంటే వెంటనే పాత ఇనుముకు వేయకండి. పాత 1489 సి.సి. పెట్రోలు ఇంజనులో టైమింగ్ చైను సాగి ఉండవచ్చు.

చైనుతోపాటు అరిగిన పళ్లచక్రాలూ మార్పించండి. క్రాంకు రెండు చుట్లకు క్యాము ఒక చుట్టు తిరగాలి. అందుకే రెండు చక్రాలమీది గుంట గుర్తులు ఎదురెదురుగా నిలవాలి. ఒక్క పన్ను తప్పినా వాల్వులు వేళ తప్పుతాయి, బండి లాగదు. స్కేలు ఆనిస్తే చక్రాలు ఒకే వరసలో ఉండాలి. తేడా వస్తే క్రాంకు చక్రం వెనక పలచని వాషర్లు వేస్తారు.

మూత బిగించేముందు ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూడమనండి. ఆ కాసేపు మాత్రం మెకానిక్కును తొందరపెట్టకండి.