తన దోషమును తానెఱిగిన కొలబద్ద

ప్రతి సంవత్సరమును ప్రయోగ పరీక్షలు సమీపించినపుడు మన విద్యార్థులలో నొక వింత పని సాగుచుండును. ప్రయోగము చేయకమునుపే ఫలితము తెలిసి యుండును. పుస్తకములోని విలువను మొదట వ్రాసికొని, దానికి సరిపోవు కొలతలను వెనుకనుండి కట్టుకొని వచ్చెదరు. లెక్క కుదురును, మార్కులు వచ్చును, అందఱును సంతోషింతురు. ఇది చిన్న తప్పే యనియు, పరీక్ష గట్టెక్కుటకు చేయు ఉపాయమే యనియు పెక్కుమంది తలంచుచున్నారు. మేమట్లు తలంపము. విజ్ఞానశాస్త్రము చదువువారు చేయదగని పనులలో నిదియే మొదటిదని మా యభిప్రాయము. ఈ మాటకు నిదర్శనముగా, నేడు లోకమున నత్యంత సూక్ష్మమైన కొలతలకు సాధనమైన యొక పరికరము కథను చదువరుల యెదుట నుంచుచున్నాము.

ముందుగా మా తప్పును మేము చెప్పుకొనుట న్యాయము. మేము చదువుకొను దినములలో లోలకముతో గురుత్వ త్వరణమును కనుగొను ప్రయోగము చేసితిమి. లెక్క వేయగా 967 వచ్చినది. పుస్తకములో 981 అని యున్నది. మేము భయపడి, ఊగు కాలపు అంకెలను రబ్బరుతో తుడిచి, 981 వచ్చునట్లు మరల వ్రాసితిమి. ఎఱ్ఱ సిరాతో ‘సరి’ యను గుర్తు పడినది. ఆ గుర్తును చూచి యానాడు మేము గర్వించితిమి. ఆ 967 ఏమి చెప్పుచుండెనో యీ వ్యాసము తుదను విన్నవించెదము.

ఇక ప్రస్తుత విషయమునకు వత్తము. 1960 మే 16వ తేదీని అమెరికాలో మెయిమను అనునతడు కెంపు స్ఫటికమునుండి మొదటి లేసరు కిరణమును వెలువరించెను. మఱుసటి సంవత్సరమే మిషిగను విశ్వవిద్యాలయమున ఫ్రాంకెను అను పండితుడును అతని సహచరులును అట్టి యెఱ్ఱని కిరణమును స్ఫటికశిలలోనికి పంపి, ఆవలి వైపున నెఱుపుతోబాటు కంటికి కానరాని అతినీలలోహిత కాంతియు స్వల్పముగా వెలువడుటను కనుగొనిరి. లోనికి పోయిన కాంతి తరంగదైర్ఘ్యము 694.3 నానోమీటర్లు, క్రొత్తగా పుట్టిన కాంతిది సరిగా దానిలో సగము. అనగా పౌనఃపున్యము రెట్టింపైనది.

ఇది యెట్లు సంభవించును? సాధారణముగా గాజులోనికి ఎఱ్ఱని కాంతి పోయిన నెఱ్ఱని కాంతియే వచ్చును. పదార్థము తనపై బడిన కాంతికి తగినంతగానే కదలును. కాని కాంతి మిక్కిలి తీవ్రమైనపుడు ఆ పొందిక చెడును. తిరునాళ్లలో లౌడుస్పీకరును మితిమీరి పెంచినపుడు పాటలో లేని స్వరములు గరగరమని దానినుండి పుట్టుట మన మెఱుగుదుము గదా! స్ఫటికమును అటులనే తనలోనికి రాని స్వరమును పలుకును. ఇట్టి విషయములను విచారించు శాస్త్రమునకు అరేఖీయ కాంతిశాస్త్రమని పేరు.

ఫ్రాంకెను ప్రయోగమును గూర్చి యొక ముచ్చట కలదు. క్రొత్త కాంతి ఛాయాపటముపై నొక చిన్న చుక్కగా మాత్రమే పడినది. దానిని బాణపు గుర్తుతో చూపి పత్రికకు పంపిరి. ముద్రణమునకు సిద్ధపఱచువారు ఆ చుక్కను దుమ్ము మచ్చ యని తలంచి తుడిచివేసిరని చెప్పుదురు. ఆ పత్రికా పుటలో నేటికిని బాణము మాత్రమే యున్నది. అది చూపవలసిన చుక్క లేదు. పటము శుభ్రముగా నుండవలెనన్న మంచి తలంపుతోనే ఒక క్రొత్త శాస్త్రమునకు సాక్ష్యమైన చుక్కను తుడిచివేసిరి! మా రబ్బరు చేసిన పనియు నిట్టిదే.

ఇక కాంతిని కొలుచుట యెంత కష్టమో చూతము. కంటికి కనబడు కాంతి సెకనునకు సుమారు 5 కోట్ల కోట్ల మారులు ఊగును. అంత వేగమును నేరుగా లెక్కింపగల విద్యుత్ యంత్రము లేదు. 1967లో సెకను నకు నిర్ణయించిన కొలమానము సీసియము అణువు తరంగము; అది సెకనునకు 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 మారులు ఊగును. దీనిని యంత్రములు లెక్కింపగలవు. కాని దీనికిని కాంతికిని నడుమ నేబది వేల రెట్ల అంతరము కలదు. ఆ యగడ్తను దాటుటకు పూర్వము పెక్కు లేసరులను గొలుసుకట్టుగా కూర్చి గదులు నింపెడివారు. 1972లో అమెరికాలోని బౌల్డరు నగరమున నిట్టి శ్రమతోనే కాంతి వేగమును సెకనునకు 299,792,456.2 మీటర్లని తేల్చి, అందు 1.1 మీటరు అనిశ్చితి కలదని ప్రక్కనే వ్రాసిరి. చదువరులారా, ఆ ప్రక్కనున్న చిన్న యంకెను మఱవకుడు.

ఈ గొలుసుల కష్టమును తీర్చినది ‘పౌనఃపున్యపు దువ్వెన’ యను పరికరము. అత్యల్ప కాలము మెఱసి ఆఱిపోవు కాంతి మెఱుపులను ఎడతెగక వెలువరించు లేసరు దీనికి మూలము. ఒక్కొక్క మెఱుపు కొన్ని ఫెమ్టోసెకనులు మాత్రమే యుండును. ఒక్క ఫెమ్టోసెకనులో, సెకనునకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తు కాంతి సైతము తలవెండ్రుక మందములో నూఱవ వంతైనను పోజాలదు. ఇంత చిన్న మెఱుపు ఎట్లు పుట్టునన, లేసరులోని లక్షలాది తరంగములు డ్రిల్లులో పిల్లల అడుగులవలె ఒక్కమారుగా పడునట్లు చేయుటచేత. ఆ మెఱుపుల వరుసను వర్ణపటముగా విడదీసి చూచినచో, సమాన దూరములలో నిలిచిన సన్నని గీటులు దువ్వెన పండ్లవలె గానవచ్చును. గీటునకును గీటునకును గల యెడము, సెకనునకు వచ్చు మెఱుపుల సంఖ్యయే. దానిని విద్యుత్ యంత్రము సులభముగా లెక్కించును. కావున నిది కాంతికి కొలబద్ద.

అయితే ఈ కొలబద్దకు నొక లోపము కలదు. గీటుల యెడము సరిగానే యున్నను దాని మొదలు సున్నవద్ద లేదు. మొదలు విఱిగిన బద్దవంటిది. ఎంత విఱిగినదో తెలియక దానితో కొలువరాదు. ఇచ్చట శాస్త్రజ్ఞులు చేసిన యుక్తిని మన తొమ్మిదవ తరగతి పిల్లలును గ్రహింపగలరు. బద్దపై ప్రతి గీటును నిజస్థానమునకు 0.3 ముందున్నదనుకొనుడు. అప్పుడు 100వ గీటు నిజముగా 100.3 వద్ద నుండును. దానిని రెట్టింపు చేసిన 200.6 అగును. కాని అదే బద్దపై 200వ గీటు 200.3 వద్ద నున్నది. రెంటికిని భేదము 0.3, అదియే బద్ద దోషము! ఇట్లే దువ్వెనలోని యొక ఎఱ్ఱని పంటిని స్ఫటికములో రెట్టింపు చేసి, అదే దువ్వెనలోని నీలపు పంటితో పోల్చెదరు. శ్రుతి కొంచెము కలియని రెండు తంబుర తీగెలు కలసి మ్రోగినపుడు వినబడు హెచ్చుతగ్గులవలె, ఆ రెండు కాంతులును కలసి నెమ్మదియైన స్పందనము నొకటి కలిగించును. దానిని లెక్కించిన దోషమెంతో తేలును. ఫ్రాంకెను చుక్కలో కనబడిన రెట్టింపు విద్యయే యిచ్చట నక్కఱకు వచ్చినది.

ఈ పోలికకు దువ్వెన ఎఱుపునుండి దాని రెట్టింపు వఱకు వ్యాపించి యుండవలెను. 1999లో బెల్ ప్రయోగశాలవారు లోపల సన్నని గాలి రంధ్రములు గల గాజుపోగును చేసి, ఫెమ్టోసెకను మెఱుపులను దానిలో నడిపి, అంత వెడల్పైన వర్ణపటమును సాధించిరి. అంతట బౌల్డరులో జాన్ హాలు గారి బృందమును, జర్మనీ దేశపు గార్కింగులో థియోడర్ హెన్ష్ గారి బృందమును 2000 నాటికి ఈ పరికరమును సిద్ధము చేసిరి. 2005లో వారిద్దఱికిని నోబెల్ బహుమానమున సగభాగము లభించెను. తక్కిన సగము గ్లౌబరు గారిది. గదులు నింపిన పని ఒక బల్లపైకి వచ్చినది.

ఈ కొలబద్దతో ఏమి కొలిచిరని యడుగుదురేని, 2011లో గార్కింగువారు ఉదజని అణువులోని యొక పరివర్తనపు పౌనఃపున్యమును 2,466,061,413,187,035 అని ప్రకటించిరి. పదునాఱు అంకెలు! ఐనను వారు గర్వింపక, ఇందు 10 అనిశ్చితి కలదని వెంటనే చెప్పిరి. 2010లో బౌల్డరులో ఒక కాంతి గడియారమును 33 సెంటీమీటర్లు పైకెత్తి, ఎత్తుననున్న గడియారము వేగముగా నడచునన్న ఐన్‌స్టైను మాటను ప్రత్యక్షముగా చూపిరి. మెట్టుపై నిలిచినవానికిని నేలపై నిలిచినవానికిని కాలము వేఱని తెలిసికొనుట సామాన్యమా?

అయితే మా వాదమునకు ముఖ్యమైన నిదర్శనము వేఱొకటి కలదు. ఉదజని నడుమనున్న ప్రోటాను వ్యాసార్ధము 0.8768 ఫెమ్టోమీటరు అని పట్టికలలో నుండెను. స్విట్జర్లాండులో కొందఱు శాస్త్రజ్ఞులు ఎలెక్ట్రానునకు బదులు దానికంటె రెండు వందల రెట్లు బరువైన మ్యూయానును చేర్చి ఉదజనిని పరీక్షించిరి. దానికి వలసిన లేసరు కాంతిని ఉదజని వాయువులో రామను పరిక్షేపణము ద్వారా సిద్ధము చేసిరి. ఇది 1928లో కలకత్తాలో రామను గారు కనుగొన్న విషయమునుండి పుట్టిన యుపాయమే. ఆ రామను గారికడ పనిచేసి, పిమ్మట వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులైన సూరి భగవంతము గారు మన తెలుగువారే యని మన పిల్లలు తెలిసికొనవలెను.

స్విట్జర్లాండువారు పట్టిక చూపిన చోట మొదట వెదకిరి. ఏమియు కనబడలేదు. కొన్ని సంవత్సరములు గడచినవి. వెదకు మేరను పెంచగా 2009లో మఱియొక చోట గుర్తు దొరకినది. 2010లో వారు ప్రకటించిన విలువ 0.84184. పుస్తకమునకును దీనికిని నూటికి నాలుగు వంతుల భేదము! వారు రబ్బరు చేతబట్టలేదు. తమ యంకెను, తమ అనిశ్చితిని ఉన్నదున్నట్లు అచ్చువేసిరి. లోకము కలవరపడినది. 2017లో గార్కింగువారు దువ్వెన సాయముతో సాధారణ ఉదజనిని కొలువగా చిన్న విలువ వచ్చినది. 2018లో పారిసువారికి పెద్ద విలువ వచ్చినది. 2019లో కెనడావారికి మరల చిన్న విలువయే వచ్చినది. తుదకు అంతర్జాతీయ సమితివారు తమ 2018 పట్టికలో 0.8414 అని దిద్దిరి. ఈమారు మాఱినది ప్రయోగము కాదు, పుస్తకము.

ఇప్పుడు మా లోలకమును మరల చూతము. మేము దారమును గుండు పైభాగము వఱకే కొలిచితిమి. గుండు వ్యాసార్ధము 1.2 సెంటీమీటరును చేర్చుట మఱచితిమి. చేర్చి యున్న 967 కాస్త 979కి దగ్గఱ పడియుండును. మఱియు తెలుగుదేశమున గురుత్వ త్వరణము నిజముగా సుమారు 978. 981 అనునది మనకంటె చాల ఉత్తరముననున్న దేశముల విలువ. అనగా మా 967 తప్పు కాదు. మా తప్పును చూపు వ్రేలు. దానిని తుడిచి, ఈ నేలపై నిజము కాని యంకెను వ్రాసి, మేము మార్కులు పొందితిమి.

‘ఇట్లు పుస్తకము మాటను కాదన్న మార్కులు పోవునే!’ యని తలిదండ్రులు భయపడవచ్చును. ఆ భయము నిరాధారము కాదు. కావుననే మా మొదటి మనవి ఉపాధ్యాయులకు. ఫలితమునకు కొన్ని మార్కులే యుంచి, కొలతల పట్టికకును, భేదమునకు కారణము వెదకుటకును ఎక్కువ మార్కులు ఇయ్యవలెను. కొలతలను సిరాతోనే వ్రాయించవలెను. తప్పినచో ఒక గీత గీచి ప్రక్కన వ్రాయవలెనే గాని తుడువరాదు. ‘అజాగ్రత్తగా కొలిచినవాడును నిజాయితీ పేరు చెప్పుకొనునే’ యని మఱికొంద ఱనవచ్చును. నిజాయితీ యొక్కటియే చాలదని మేమును ఒప్పుకొందుము. హాలు, హెన్ష్ గారలు బద్ద విఱిగినదని చెప్పి యూరకుండలేదు. ఎంత విఱిగినదో కొలిచిరి. పిల్లవానినుండియు అంతయే కోరవలెను.

మన ప్రయోగశాలలో లేసరు దువ్వెన లేదు. ఉండవలసిన పనియు లేదు. ఒక కొయ్య బద్ద, ఒక దారము, ఒక గడియారము చాలును. తలిదండ్రులారా, పిల్లలు ఇంటికి వచ్చినపుడు ‘సరియైన విలువ వచ్చినదా?’ యని యడుగక, ‘నీకెంత వచ్చినది? ఎందుకట్లు వచ్చినది?’ యని యడుగుడు. విద్యార్థులారా, మీ రబ్బరును చిత్రలేఖనపు తరగతికి దాచుకొనుడు. మీ కొలతల పుస్తకములో మీకు వచ్చిన యంకెయే యుండనిండు. దాని ప్రక్కన, ఇందు ఇంత దోషముండవచ్చునని ధైర్యముగా వ్రాయుడు. అట్లు వ్రాసిన నాడు మీరు చేసినది నిజమైన ప్రయోగము.