కొత్తగా వెళ్లేవాడి జీతం

సౌదీలోని రాస్ తనూరా రిఫైనరీ సామర్థ్యం రోజుకు సుమారు 5.5 లక్షల పీపాలు. అలాంటి చోట మరమ్మతుల కోసం షట్‌డౌన్ పడితే వారాల తరబడి రాత్రీపగలూ పని. కాంట్రాక్టరు, అతని కింద సబ్‌కాంట్రాక్టరు, అతని కింద మనుషుల్ని సరఫరా చేసే కంపెనీ. గల్ఫ్‌లో ఇలాంటి పనులకు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా మన శ్రీకాకుళం జిల్లా సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం కుర్రాళ్లు ఏళ్లుగా వెళ్తున్నారు. నా ఆందోళన వాళ్ల గురించే.

యూఏఈ 2011లో ఒక నిబంధన సడలించింది. కాంట్రాక్టు ముగిసిన కార్మికుడు పాత యజమాని అనుమతి లేకుండానే వేరే కంపెనీలో చేరవచ్చు. దాని ఫలితాన్ని సురేశ్ నాయుడు, యా న్యార్కో, షింగ్-యీ వాంగ్ అనే ఆర్థికవేత్తలు కొలిచారు. అప్పటికే అక్కడున్నవాళ్ల సంపాదన పది శాతానికి పైగా పెరిగింది. ఈ సంగతి అందరూ చెబుతారు. వాళ్ల పరిశోధన పత్రంలోనే రెండో ఫలితం కూడా ఉంది: స్వదేశాల నుంచి కొత్తగా తెచ్చుకునేవాళ్లకు గిరాకీ తగ్గింది, వాళ్ల జీతాలూ తగ్గాయి. చేరినవాడు వెళ్లిపోగలడని తెలిసిన యజమాని మొదటి జీతంలోనే కోత పెట్టాడన్నమాట.

సౌదీ తన సడలింపును 2021 మార్చి 14న అమల్లోకి తెచ్చింది. ఏడాది పని చేశాక యజమానిని మారవచ్చు. కొన్ని నెలల షట్‌డౌన్ కాంట్రాక్టు మీద వెళ్లినవాడికి ఆ ఏడాది ఎప్పుడు నిండుతుంది? లాభం అతనికి అందదు. కొత్తవాడిగా నష్టం మాత్రం అతని మీదే పడవచ్చు. దానికి కొద్ది నెలల ముందే, 2020 సెప్టెంబరులో, మన కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ కార్మికుల కనీస రెఫరల్ వేతనాలను, అంటే అక్కడి ఉద్యోగాలకు తాను నిర్ణయించే కనీస జీతాలను, 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం పడింది. 2021 జూలైలో పాత వేతనాలు తిరిగొచ్చాయి. ఆ పది నెలల్లో సంతకాలు పెట్టి విమానం ఎక్కినవాళ్ల జీతాలు మాత్రం అప్పటికే కాగితం మీద ఖరారైపోయాయి.

ఇలాంటి నష్టం అంకెల్లో బయటపడటానికి ఏళ్లు పడుతుంది. యూఏఈ సంస్కరణ 2011ది, దాని మీది పత్రం జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో అచ్చయింది 2016లో. రెండేళ్ల కాంట్రాక్టులు రెండు పూర్తయ్యేంత కాలం. సమీక్షకులు నెలల తరబడి ప్రశ్నలు వేస్తారు. వేయాలి కూడా, నేను ఆ పద్ధతిని తప్పు పట్టను. కానీ ఆ పత్రం సాధ్యమైంది యూఏఈ కార్మిక శాఖ కాంట్రాక్టు రికార్డులు, జీతాల చెల్లింపు లెక్కలు పరిశోధకుల చేతికి వచ్చాయి కాబట్టి. మన వైపు చూడండి. వలస కార్మికుల కోసం కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో తప్పనిసరిగా నమోదయ్యేది ప్రధానంగా ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టు, ఉన్నవాళ్లే. పదో తరగతి పాసైతే ఈసీఎన్ఆర్, అంటే ఆ అనుమతి అక్కర్లేదు. పది పాసై ఐటీఐ చదివిన వెల్డరు ఆ లెక్కలోకే రాడు. 2019 జనవరి నుంచి వాళ్లకూ నమోదు తప్పనిసరి అన్నారు. 2018 నవంబరులోనే దాన్ని పక్కన పెట్టారు.

కేరళలో 1998 నుంచి ఇళ్లకు వెళ్లి వలస సర్వే చేస్తున్నారు. శ్రీకాకుళం, జగిత్యాల, నిజామాబాద్‌లలో మనమూ మొదలుపెట్టాలి. అడగాల్సిన మొదటి ప్రశ్న: ఏజెంటు చెప్పిన జీతమెంత, మొదటి నెల చేతికొచ్చిందెంత? ఆ రెండు అంకెలూ ఏటేటా అదే గ్రామాల్లో రాసుకుంటూ పోతే, జర్నల్ అచ్చు కోసం ఆగకుండానే తగ్గుదల కనిపిస్తుంది.