భేదము గలదు, వైరము లేదు

అభిప్రాయభేదము వైరమునకు తొలిమెట్టని లోకము తలచును. భేదము తీరినగాని స్నేహము కుదరదని మధ్యస్థులు సైతము పలుకుదురు. ఈ తలపు సరికాదని చూపు వృత్తాంతమొకటి తొలినాటి క్రైస్తవ సంఘముల చరిత్రలో కలదు.

క్రీ. శ. 155 ప్రాంతమున స్ముర్న సంఘాధ్యక్షుడగు పాలికార్పు, వయోవృద్ధుడయ్యును, దూరప్రయాణము చేసి రోమునకు వచ్చెను. అక్కడి అధ్యక్షుడు అనికేటసు. పస్కా పండుగ దినమును గూర్చి ఇరువురకును భేదము కలదు. ఆసియా సంఘములు యూదుల నీసాను మాసమున పదునాలుగవ దినమున, అది ఏ వారమైనను, పండుగ జరుపుచుండెను. రోమువారు ఆదివారముననే జరుపుచుండిరి. పాలికార్పు యోహాను మొదలగు అపొస్తలుల ఆచారమును, అనికేటసు తన పూర్వుల ఆచారమును ప్రమాణముగా జూపిరి. ఎవరును ఎవరిని ఒప్పింపజాలకపోయిరి. అయినను తన సంఘమున ప్రభుభోజన సంస్కారమును నడపు గౌరవమును అనికేటసు ఆ యతిథికే ఒసగెను. వాదము తెగలేదు, పంక్తి చెడలేదు. ఇరువురును సమాధానముతో వీడ్కొనిరి.

సుమారు 190లో ఆ వివాదమే మరల తలయెత్తెను. రోము అధ్యక్షుడు విక్టరు ఆసియా సంఘములను వెలివేయ బూనెను. పూర్వుల ఆచారమును విడువజాలమని ఎఫెసు అధ్యక్షుడు పాలిక్రటీసు బదులు వ్రాసెను. అప్పుడు, నేటి ఫ్రాన్సు దేశమున గల లియాన్ నగరమునుండి ఐరేనియసు విక్టరునకు లేఖ వ్రాసెను. ఆచారమున ఆయన విక్టరు పక్షమువాడే. బాల్యమున పాలికార్పు బోధ విన్నవాడును. ఒప్పెవరిదని తేల్చుటకు గాక, వెలి కూడదని చెప్పుటకే ఆయన కలము పట్టి, పెద్దలనాటి ఆ సహపంక్తిని జ్ఞాపకము చేసెను. ఆయన పేరు గ్రీకు భాషలో ‘శాంతి’ యను మాటనుండి పుట్టినది. పేరునకు తగిన పని చేసెనని నాలుగవ శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియసు మెచ్చెను.

325లో నీసియా మహాసభ ఆ దినమును గూర్చి నిర్ణయించునాటికి పాలికార్పు గతించి నూటయేబది యేండ్లు దాటినవి. వాదము తీరువరకు స్నేహమును వాయిదా వేసియుండినచో ఆ పెద్దలకది ఈ జన్మమున లభించెడిది కాదు!

అన్యాయమును సహింపుడని దీని భావము కాదు. వారి భేదము ఆచారమును గూర్చినది, విశ్వాసమును గూర్చినది కాదు. ఏ భేదము వెలికి తగినదో, ఏది తగనిదో గుర్తెరుగుటయే వివేకము. వాదమున గెలుచుట మనము విద్యార్థులకు నేర్పుచున్నాము. గెలుపు దొరకని వాదము పిమ్మట ఎదుటివానికి పీట వేయుట కూడ నేర్పవలసియున్నది.