ఒకటో తరగతి వారం ఎవరి లెక్కలోకీ రాదా?

ప్రతి నెలా మొదటి రోజుల్లో మా గోదావరిఖని పేపర్లలో ఒక వార్త తప్పక వస్తుంది. పోయిన నెల లక్ష్యం ఎంత, తీసిన బొగ్గెంత, ఎంత శాతం సాధించారు అని. ఏరియా జనరల్ మేనేజర్లు విలేకరులను పిలిచి చెబుతారు, కార్మికులను అభినందిస్తారు. చెప్పవలసిందే. 2023-24లో సింగరేణి ఉత్పత్తి 7 కోట్ల టన్నులు దాటిందంటే అందులో ఈ ఊరి చెమట ఎంతుందో నాకు తెలుసు. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం చౌరస్తాలో ఫ్లెక్సీలు లేస్తాయి. పిల్లలు కష్టపడ్డారు, అదీ మంచిదే.

పోయిన వారం మా ఒకటో తరగతి పిల్లలు గుడి, గుడిదీర్ఘం నేర్చుకున్నారు. రెండో తరగతి వాళ్ళు కూడికలో పదిని పదుల స్థానానికి పంపడం నేర్చుకున్నారు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు. బడికి వచ్చిన అధికారి హాజరు ఎంత అన్నాడు, గుడ్డు పెడుతున్నారా అన్నాడు, ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించారా అన్నాడు. పిల్లవాణ్ణి దగ్గరికి పిలిచి ‘ఈ వారం ఏం నేర్చుకున్నవ్ బిడ్డా’ అని మాత్రం అనలేదు. ఈ ఊరి సర్కారు ప్రాథమిక బడుల్లో ఒకదాంట్లో చిన్న తరగతులకు పాఠం చెప్పేదాన్ని నేను. నా బాధ నా జీతం గురించి కాదు, సన్మానాల గురించి అంతకన్నా కాదు. ఆరేళ్ళ పిల్ల ఒక వారంలో చేసే పని ఎంత పెద్దదో చూడటానికి పెద్దవాళ్ళకు తీరిక లేకపోవడమే నన్ను కాల్చేస్తోంది.

ఏముంది, అఆలు దిద్దించడమే కదా అంటారు. ఆ మాట అనేవాళ్ళు తామెలా నేర్చుకున్నారో మరిచిపోయారు. ఇప్పుడు మేం వర్ణమాలను వరసగా అప్పజెప్పించం. పిల్లలకు తెలిసిన మాట తీసుకుని, పలికి, విని, అందులోంచి అక్షరాన్ని విడదీస్తాం. ‘గని’ అనే మాట మా పిల్లలకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. దాన్ని రెండు ముక్కలు చేసి, గ వేరు, ని వేరు అని చెవితో పట్టుకోవడమే మొదటి పని. న మీద గుడి పెడితే ని అవుతుందని తెలియడం రెండోది. ఇవన్నీ వచ్చాయనుకునేసరికి ప, వ ఎదురవుతాయి. మిగతా అక్షరాలకు కొమ్ము పక్కన తగిలించినట్టు వ పక్కన తగిలిస్తే అది మ అయి కూర్చుంటుంది. అందుకే పు, వు లకు కొమ్ము కిందినుంచి వేస్తాం. ఈ తేడాను కన్ను పట్టుకోవాలి, చెయ్యి పట్టుకోవాలి. కొందరికి రెండు రోజులు చాలు. కొందరికి రెండు వారాలు కావాలి.

ఇంకొకటి చూడండి. పిల్లలు ఇంట్లో రోజంతా పిలిచే మాటలు అమ్మ, అన్న, అక్క, తమ్ముడు. ఒత్తు లేకుండా వీటిలో ఒక్కటీ రాయలేం. బొమ్మ చూసి అమ్మ అని గుర్తుపట్టడం జూన్‌లోనే వస్తుంది. మ కింద మ ఒత్తును విడిగా చూసి, కూడబలుక్కుని చదవడం వేరు. గ ఒత్తు గ లాగే ఉంటుంది కాబట్టి ‘బొగ్గు’ కొంత తేలిక. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలవు. అంటే ‘అమ్మ’ను అక్షరాలా చదవడానికి పిల్ల ఎన్నో మెట్లు ఎక్కి రావాలి. మా కరీంనగర్ వైపు తండ్రిని పిలిచే ‘బాపు’ ముందుగా వస్తుంది. దానికి దీర్ఘం, ఆ కింది కొమ్ము తెలిస్తే చాలు. మా బళ్ళో ఒక పిల్ల నోటుబుక్కులో సగం పేజీ నిండా బాపు, బాపు అని రాసుకుంది. ఆ పేజీని పట్టుకుని ఆ రోజు ఎవరికైనా చూపిద్దామని చూశాను. మా ఇద్దరు టీచర్లం తప్ప అక్కడ ఎవరున్నారు?

ఆ పిల్ల తండ్రి ఓపెన్‌కాస్టులో మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తాడు. ఇప్పుడు సర్కారు బడికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఇలాంటి ఇళ్ళవాళ్ళే. పర్మినెంటు కార్మికుల పిల్లలు చాలావరకు ప్రైవేటు బస్సులెక్కి వెళ్ళిపోయారు. బాయి (గని) మీద పనిచేసే ఇంటి సంగతి బయటివాళ్ళకు తెలియనిది ఒకటుంది. తండ్రి నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటాడు. ఉండేది ఒకటే గది. ‘బాపు లేస్తడు, నోరు ముయ్యి’ అని తల్లి పిల్లలను బయటికి పంపుతుంది. గట్టిగా చదవడానికి ఆ ఇంట్లో చోటు లేదు. చిన్నపిల్ల చదువంటే గట్టిగా చదవడమే, తన గొంతు తను వింటేనే తప్పు తెలుస్తుంది. కాబట్టి ఆ పిల్ల రోజు మొత్తంలో గొంతెత్తి చదివేది మా బళ్ళోనే. అప్పుడే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయి కిటికీలు అదురుతాయి. అందరూ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అదే వాక్యం మొదటి నుంచి అందుకుంటారు.

2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టింది. నాకు అందులో నచ్చింది దాని వారం పద్ధతి. ఐదు రోజులు చెప్పాలి, ఆరో రోజు ఎవరికి ఏది వచ్చింది, ఎవరికి రాలేదు అని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని చూడాలి. రానివాళ్ళకు మళ్ళీ చెప్పాలి. పిల్లవాడి నేర్పును వారం వారం తూచి చూడమని సర్కారు కాగితం మీద ఒప్పుకోవడమే నాకు పెద్ద సంగతి అనిపించింది. ఎందుకంటే అంతకు ముందు ఏం జరిగిందో చూశాం. కరోనాతో 2020 మార్చిలో మూతపడ్డ ప్రాథమిక తరగతులు మా రాష్ట్రంలో 2021 సెప్టెంబరు 1న గానీ తెరుచుకోలేదు. 2020లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్లలు మొదటిసారి బెంచీ మీద కూర్చునేసరికి రెండో తరగతికి వచ్చేశారు. వాళ్ళ చేతిలో రెండో తరగతి పుస్తకం, కళ్ళ ముందు ఒక్క అక్షరం లేదు. ఆ పిల్లలను మళ్ళీ మొదటి నుంచి అందుకుని నిలబెట్టింది ఎవరు? పేరు లేని సెకండరీ గ్రేడ్ టీచర్లు. ఒక్కో వారం, ఒక్కో గుణింతం.

కేంద్రం 2021లో చిన్న తరగతుల చదువు కోసం తెచ్చిన నిపుణ్ భారత్ కార్యక్రమం రెండో తరగతి పిల్లకు నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవడం లక్ష్యంగా పెట్టింది. హిందీలో ‘పఢ్ రహా హై’ మూడు మాటలు, మనకు ‘చదువుతున్నాడు’ ఒక్క మాట. రెండింటినీ ఒకే గడియారంతో కొలిస్తే మా పిల్లలు వెనకబడినట్టు కనిపించకుండా ఎలా ఉంటారు? తర్వాత 2022లో ఎన్సీఈఆర్టీ చేసిన అధ్యయనంలో భాషకో ప్రమాణం పెట్టారు గానీ, మా మీటింగుల్లో ఇంకా ఆ 45, 60 అంకెలే తిరుగుతుంటాయి.

లెక్కల సంగతి చెబితే మా పిల్లల మీద నాకున్న గౌరవం మీకు కొంచెం అర్థమవుతుంది. ‘నూట అయిదు’ రాయమంటే 1005 రాస్తారు. అది తప్పే, కానీ విన్నది విన్నట్టు రాసిన తప్పు. నూరు రాసి పక్కన అయిదు రాశాడు. సున్న ఒక చోటును కాపలా కాస్తుందని, ఆ చోట్లోకి అంకె వస్తే సున్న తప్పుకుంటుందని తెలియడానికి పుల్లల కట్టలు కట్టాలి. పది పుల్లలు ఒక కట్ట, పది కట్టలు ఒక మోపు. కట్టడం, విప్పడం, మళ్ళీ కట్టడం. కిటికీలోంచి చూసేవాళ్ళకు అది ఆటలాగే కనిపిస్తుంది. దానికి తోడు 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, దాని పక్క పేజీ ఇంగ్లిష్. ఫిఫ్టీన్, ఫిఫ్టీ తేడా చెవికి ఆనదు. అయినా మా మూడో తరగతి పిల్లలకు ఎనిమిదో ఎక్కం తొందరగా పట్టుబడుతుంది. ఎనిమిది గంటల షిఫ్టు, మూడు షిఫ్టులు, ఇరవై నాలుగు గంటలు. ఈ గుణకారం వాళ్ళ ఇంట్లో రోజూ జరిగేదే.

ఇంటి భాష కూడా అందరికీ తెలుగు కాదు. ఓపెన్‌కాస్టు మట్టి తీసే పనులకు, ఎన్టీపీసీ పనులకు బీహార్ నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. ఇంట్లో హిందీ, గల్లీలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. ఆరేళ్ళకు మూడు భాషల్లో నీళ్ళు అడగగలిగే పిల్లను మేం ‘సి గ్రేడు’ అని రాసి పంపిస్తున్నాం. పెద్దపల్లి చుట్టూ ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే వాళ్ళ పిల్లల కోసం, బట్టీల దగ్గరే ఒడియాలో పాఠాలు చెప్పే వర్క్‌సైట్ బడులు నడిపిన అనుభవం ఈ జిల్లాకు ఉంది. అంటే తలుచుకుంటే చేయగలం. తలుచుకోవడమే అరుదు.

ఆ మధ్య ఒక తల్లి టీసీ కోసం వచ్చింది. ‘మావోనికి ఇంగ్లిష్ల నాలుగు ముక్కలు సుత వస్తలేవు మేడం. బళ్ళె పుల్లలతోని ఆటలు ఆడిపిస్తున్నరట’ అంది. నాకు ఆమె మీద కోపం రాలేదు. రోజంతా పనికి పోయే మనిషి, బిడ్డ బాగుపడాలని ఆశ, చేతిలో ఉన్నది ప్రైవేటు బడి వాళ్ళిచ్చిన రంగుల కాగితం. ‘చెల్లె, ఒక్క పది నిమిషాలు కూసో, వాడు చదువుతడు, విను’ అన్నాను. బస్సుకు ఆలస్యమైతుందని వెళ్ళిపోయింది. వాడు అప్పటికి కథ పుస్తకంలోని ఒక పేజీ ఎవరి సాయం లేకుండా చదువుతున్నాడు. తల్లికి ఆ సంగతి తెలియకుండానే వాణ్ణి తీసుకుపోయింది. నాకు కడుపులో దేవినట్టయింది.

ఒకటో తరగతిని ఊరంతా లెక్కలోకి తీసుకున్న చోటూ ఉంది. బ్రెజిల్‌లో సొబ్రాల్ అనే ఊరుంది, సియరా అనే పేద రాష్ట్రంలో. అక్కడ 2000 ప్రాంతంలో పిల్లలను పరీక్షిస్తే రెండు మూడేళ్ళు బడిలో గడిపినవాళ్ళలో దాదాపు సగం మందికి చదవడం రాలేదు. ఆ ఊరు సిగ్గుపడి ఊరుకోలేదు. ముందు మొదటి తరగతులను పట్టుకుంది. గట్టి టీచర్లను అక్కడికి పంపింది, ఒక్కొక్క పిల్ల చదువును విడిగా విని చూసింది. 2015లో, మళ్ళీ 2017లో ప్రాథమిక విద్యలో దేశంలోనే ముందు నిలిచింది. 2007లో సియరా రాష్ట్రం ఇంకొక అడుగు వేసింది. పట్టణాలకు పంచే పన్ను వాటాలో కొంత భాగాన్ని చిన్నపిల్లల చదువుకు ముడిపెట్టింది. పిల్లలు చదవడం నేర్చుకుంటే ఊరికి డబ్బు వస్తుంది. అప్పుడు మేయరు కూడా ఒకటో తరగతి గదిలోకి తొంగి చూడక తప్పదు.

మాకు అలాంటి డబ్బు లేదా అంటే ఉంది. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టులు పెట్టారు. బొగ్గు మీద రాయల్టీ 14 శాతం. పాత లీజుల్లో ఆ రాయల్టీకి 30 శాతానికి సమానమైన సొమ్ము అదనంగా ఈ ట్రస్టుకు కట్టాలి. అది గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ళకు ఖర్చు కావాలి. విద్యను ముఖ్య రంగాల్లో ఒకటిగా నిబంధనల్లోనే రాశారు. ఓపెన్‌కాస్టు పెరిగిన కొద్దీ ఇక్కడ ఊళ్ళు కదిలిపోయాయి, ఊళ్ళతోపాటు బడులు కదిలిపోయాయి. ఆ పిల్లలకు ఈ డబ్బులో హక్కుంది. గోడలు కట్టండి, రంగులు వేయండి, వద్దనను. వాటితోపాటు ఒకటో తరగతికి వేరే టీచర్ను ఇవ్వండి. ఒకే గదిలో మూడు తరగతుల మధ్య తిరుగుతూ, ఒకరికి ఒత్తు చెబుతూ ఇంకొకరి తీసివేత దిద్దుతూ మేం ఎన్నాళ్ళు నెట్టుకొస్తాం? చిన్న చిన్న వాక్యాల కథ పుస్తకాలు కట్టలుగా ఇవ్వండి. మా పిల్లలు ఉన్నవాటిని పేజీలు ఊడేదాకా చదివేశారు.

స్కూల్ కాంప్లెక్సు మీటింగుల్లో ఎన్ని ఆన్‌లైన్ ఎంట్రీలు పెండింగ్ ఉన్నాయో అడిగేముందు, ఏ పిల్ల ఈ నెల ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో ఒక్క టీచర్నన్నా నిలబెట్టి చెప్పించండి. ర్యాంకులకు పూలదండ వేసే నాయకులు ఒకసారి మా బడికి వచ్చి, ఒకటో తరగతి పిల్లవాడు ‘తమ్ముడు’ను ఎలా కూడబలుక్కుంటాడో వినండి.

తల్లిదండ్రులకు నేను ఒక్కటే అడుగుతున్నాను. టీసీ తీసుకోవడానికి ముందు ఒక శనివారం వచ్చి మా గదిలో కూర్చోండి. ఆ రోజు మేం పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి ఆ వారం పాఠం అడుగుతాం. మీ బిడ్డ వంతు వచ్చేదాకా ఉండండి, వాళ్ళు చదివేది వినండి, నోటుబుక్కు జూన్ పేజీ నుంచి తిప్పి చూడండి. అప్పుడు కూడా తీసుకుపోతామంటే సంతకం పెట్టించి నేనే టీసీ చేతికిస్తాను.