పాత ట్రాక్టరూ, మెడలో గొలుసూ

మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఓ కొత్త నామోషీ బయల్దేరింది. ఇంటిముందు పాత ట్రాక్టరు ఉంటే పరువు తక్కువట! పొలం కౌలుదైనా ఫరవాలేదు. అప్పు రెండు రూపాయల వడ్డీదైనా ఫరవాలేదు. ట్రాక్టరు మాత్రం నిగనిగలాడుతూ, బానెట్ మీద పసుపూ కుంకుమా చెరక్కుండా, టైర్లకింద నిమ్మకాయలు నలిగిన తడి ఆరకుండా నిలబడి ఉండాలి. పాతదాన్ని గొడ్లసావిట్లో ఓ మూలకి తోసి, మిరపకాయల గోతాలు కప్పేస్తారు. పాత ఇనుం కొనేవాడు ఓ రోజు వచ్చి దాన్ని కేజీల్లెక్కన తూచుకుపోతాడు. అంతటితో పీడ విరగడైందనుకుంటారు.

"ట్రాక్టర్ల సంగతి ఆడవాళ్ళకెందుకమ్మా? ఆవకాయ గురించి రాసుకోక!" అని ఈ పాటికే ఎవరో ఒక మగమహారాజు విసుక్కుని ఉంటారు. అయ్యా, ఆవకాయ గురించి తర్వాత రాస్తాను. ముందు ఇది చెప్పండి. కొత్త ట్రాక్టరుకి షోరూంలో మొదట కట్టే డబ్బు ఎక్కణ్ణించి వచ్చింది? బీరువాలోంచి. బీరువాలో ఏముంది? మీ ఆవిడ నల్లపూసల గొలుసు, పుట్టింటివాళ్ళు పెట్టిన నాలుగు జతల గాజులు. అవి ఇప్పుడెక్కడున్నాయి? బంగారం తాకట్టు పెట్టుకునే ఆఫీసులో, చీటీ కట్టిన సంచిలో. ఆర్.సి. పుస్తకంలో మాత్రం పేరు మీది! కాబట్టి ట్రాక్టరు గురించి మాట్లాడే హక్కు మాకు మీకంటే ఒక గుంజీ ఎక్కువే ఉంది.

వంటింట్లో మనమేం చేస్తామో చూడండి. కుక్కరు గాస్కెట్ వదులై ఆవిరి పక్కనుంచి పోతోందనుకోండి, కుక్కరు పారేస్తామా? గాస్కెట్ మారుస్తాం. మిక్సీ బ్లేడు మొద్దుబారితే పదును పెట్టిస్తాం. అత్తగారి నాటి కుట్టుమిషనుకి బెల్టు తెగితే కొత్త బెల్టు వేయించి, చుక్క నూనె పోసి మళ్ళీ కుడతాం. ఈ పొదుపు మనకెవరూ నేర్పలేదు, నెలాఖరు నేర్పింది. అదే ఇంట్లో అదే మొగుడు, నాజిల్ మూసుకుపోయిన ట్రాక్టర్ని చూసి "దీని పనైపోయిందే" అని నిట్టూర్చి షోరూంకి బయల్దేరుతాడు. అదేం చోద్యమో!

అసలు ఆ చిన్న ట్రాక్టర్లు మన నేలకెలా వచ్చాయో కొంచెం గుర్తుచేసుకోవాలి. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు వదిలాక కుడికాలవ పొడుగునా సేద్యం తీరు మారింది. అరకలు పోయి పెద్ద ట్రాక్టర్లు వచ్చాయి. అయితే పత్తికీ మిరపకీ దుక్కి ఒక్కటీ చాలదు. మొక్క ఎదిగేదాకా సాళ్ళమధ్య గుంటక తోలాలి, కలుపు తీయాలి. పెద్ద బండి సాళ్ళలో దూరితే మొక్కలే మిగలవు. అక్కడ ఒంగోలు ఎడ్లే దిక్కు. ఆ ఎడ్లూ తగ్గిపోతున్న రోజుల్లో చిన్న బండ్లు పనికొచ్చాయి. జపాన్ మిత్సుబిషి సాయంతో 1967లో మొదలైన బెంగుళూరు వి.ఎస్.టి. కంపెనీ ముందు పవర్ టిల్లర్లు చేసింది, తర్వాత 18.5 హార్స్‌పవర్, మూడు సిలిండర్ల చిన్న ట్రాక్టరు చేసింది. తోటల్లో, సాళ్ళలో ఒదిగి తిరిగే బండి అది. ఇలాంటి బండ్లే ఇవాళ మన సావిళ్ళలో గోతాలకింద నిద్రపోతున్నాయి.

పర్చూరు వైపు మా వదినగారింట్లో అలాంటిదే ఒకటి మూడు వానాకాలాలు అలాగే పడి ఉంది. అన్నయ్య దాన్ని తుక్కుకి వేసేద్దామన్నాడు. వదిన ససేమిరా అంది. "నా గొలుసు మళ్ళీ అడక్కుండా ఉంటే అమ్ముకో" అంది. దెబ్బకి అన్నయ్య మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగి, "ఇది చావలేదమ్మా, బిగదీసుకుంది. తొందరపడి సెల్ఫు కొట్టకండి" అన్నాడు.

ఆయన చేసిన పని నేను దగ్గరుండి చూశాను. ముందు ట్యాంకులో మురిగిన డీజిలంతా వంపేసి, తుప్పు కడిగించాడు. నాజిళ్ళు విప్పి ఆ కన్నాల్లోంచి సిలిండర్లలోకి పల్చటి నూనె పోసి రెండు రోజులు వదిలేశాడు. మూడోనాడు చేత్తోనే ఇంజన్ని కొంచెం కొంచెంగా కదిపాడు. కదిలింది! అప్పుడు ఇంజనాయిలు వంపి చూపించాడు. అది టీలాగా ఉంది. "ఇదిగో, నీళ్ళు కలిశాయి. హెడ్డు గాస్కెట్ పోయింది" అన్నాడు. మన కుక్కరు జబ్బే, పేరుకూడా అదే! గాస్కెట్, పిస్టన్ రింగులు, క్లచ్ ప్లేటు, ఆయిలు సీళ్ళు కొత్తవి వేశాడు. పంపునీ నాజిళ్ళనీ గుంటూరు పంపించి పరీక్ష చేయించాడు. వాల్వులు నూరి కూర్చోబెట్టాడు. గాలి వడపోసే గిన్నెలో నల్లరేగడి దుమ్ము గట్టిగా హల్వాలా పేరుకుపోయి ఉంటే గీకి, కొత్త నూనె పోశాడు. చివరికి డీజిలు గొట్టాల్లో చిక్కుకున్న గాలి తీసేసి, స్టార్టు చేశాడు.

పొగ చూసి జబ్బు చెప్పడం కూడా ఆయన దగ్గరే విన్నాను. నీలం పొగ వస్తే ఇంజనాయిలు తగలబడుతోందన్నమాట, రింగులు చూడాలి. నల్లపొగైతే గాలి చాలడంలేదు, లేదా డీజిలు ఎక్కువ పోతోంది. తెల్లపొగ వస్తూనే ఉంటే డీజిలు సరిగా మండటంలేదు, లేదా నీళ్ళు దిగుతున్నాయి. మన అమ్మమ్మలు నాలుక చూసి జ్వరం చెప్పినట్టే! ఇంతా చేస్తే, మొత్తం ఖర్చు కొత్తబండికి ముందుగా కట్టాల్సిన డబ్బులో సగం కూడా కాలేదు. వదిన గొలుసు వదిన మెడలోనే ఉంది.

ఈ చదువుకి ఏ పట్టాభిషేకమూ లేదు. ఇంజనీరింగు సీటుకి లక్షలు కుమ్మరించే మనం, చచ్చిందనుకున్న ఇంజన్ని లేపి కూర్చోబెట్టే మనిషిని మాత్రం గుమ్మం అవతలే నిలబెట్టి, కూలి దగ్గర బేరమాడతాం. అందుకే ఆయన కొడుకు ఆ పని నేర్చుకోనంటున్నాడు. రేపు ఆ చెయ్యి లేకపోతే తుక్కువాడే గతి.

షోరూంవాళ్ళ మాట సరేసరి. "ఈ మోడల్ పార్టులు రావటంలేదు సార్" అంటారు. అన్నింటికీ అది నిజం కాదు. పింజోర్లో 1971లో ట్రాక్టర్లు మొదలుపెట్టిన హెచ్.ఎం.టి. ఆ విభాగం మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. కంపెనీ తలుపులు మూసినంతమాత్రాన ఊళ్ళలో బండ్లు ఆగిపోయాయా? లేతు మిషన్లవాళ్ళూ, పాతబండ్ల సామాన్లు అమ్మేవాళ్ళూ ఉన్నంతకాలం ఏ బండికైనా ఆయుష్షుంటుంది. ఇంకో బెదిరింపు కూడా ఉంది. "పదేళ్ళు దాటితే గవర్నమెంటే తుక్కు చేస్తుంది" అని. అది అబద్ధమని 2023లో కేంద్రమే ప్రకటించింది. వ్యవసాయ ట్రాక్టరుకి మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. ఆ తర్వాత ఐదేసి ఏళ్ళకి పొడిగించుకోవచ్చు.

ప్రభుత్వంవారి లెక్కలు మాత్రం తక్కువ తిన్నాయా? 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు కొత్త ట్రాక్టరుమీద పన్ను 12 శాతం. విడిభాగాలమీద 28 అన్నారు, గొడవయ్యాక 18 చేశారు. అంటే కొత్తది కొంటే తక్కువ పన్ను, పాతది బాగుచేయించుకుంటే ఎక్కువ పన్ను! పొదుపు చేసేవాడికి జరిమానా! ఈ వింత న్యాయం ఎనిమిదేళ్ళు నడిచింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లకీ, వాటి టైర్లకీ, ముఖ్యమైన విడిభాగాలకీ పన్ను 5 శాతమే చేశారు. మంచిదే. కానీ ఆ ఎనిమిదేళ్ళలో తుక్కైపోయిన బండ్లను ఎవరు తెచ్చిస్తారు?

బాగుచేసుకునే హక్కు కోసం ప్రపంచంలో రైతులు కోర్టులకే ఎక్కుతున్నారు. కంపెనీ కంప్యూటరు ఒప్పుకుంటేనే ట్రాక్టరు మరమ్మతు అనే పద్ధతి మీద అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వ సంస్థే జాన్ డీర్ కంపెనీమీద దావా వేసింది. మన కేంద్రం కూడా 2022లో ఈ హక్కు కోసం ఒక కమిటీని వేసి, వ్యవసాయ పనిముట్లను అందులో చేర్చింది. అక్కడ జనం 1947 నాటి 'కబ్' అనే బుల్లి ట్రాక్టర్లని సరదాకోసం బాగుచేసి, రంగులేసి, ఊరేగిస్తారు. వాళ్ళకది ముచ్చట. మనకి కూటి ప్రశ్న. ముచ్చటపడేవాళ్ళకి లేని సిగ్గు, అవసరమున్న మనకెందుకో!

పాతవన్నీ బతికించమని నేననను. ఇంజను బ్లాకు పగిలినా, గేరుబాక్సు ముక్కలైనా, ఆ బండి మరో బండికి అవయవదానం చేయడమే మేలు. బ్రేకులు పడని బండిమీద పిల్లల్నెక్కించడం పొదుపు కాదు, పాపం. పదిమంది పొలాలు దున్ని సంపాదించేవాడికి కొత్తబండి అవసరం కావచ్చు. కానీ మూడెకరాల మిరపకి, పక్కింటాయన కొన్నాడని కొత్తది కొనడం అవసరం కాదు, పోటీ.

అప్పుకి వాయిదా తేదీ ఉంటుంది. పంటకి ఉండదు. 1987లో తెల్లదోమ పత్తిని ఊడ్చేశాక ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకోవడం మనం చూశాం. 2021లో తామరపురుగు మిరపతోటల్ని ఎండబెట్టడమూ చూశాం. ఆ ఇళ్ళలో మిగిలింది ఆడవాళ్ళే. వాళ్ళ పేర్న మిగిలింది అప్పే.

అందుకే అమ్మా, ఆ గొలుసు మీది. 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: స్త్రీధనం స్త్రీ సొంత ఆస్తి, భర్త చేతిలో ఉన్నా అది ఆవిడదే. ఇవ్వకూడదని నేననడంలేదు. అడిగి ఇవ్వండి అంటున్నాను. పాతబండిని మేస్త్రీకి చూపించారా? బాగుకి ఎంతవుతుందో కాగితంమీద రాయించారా? ఒక పంట పోతే వాయిదా ఎలా కడతారు? ఈ మూడింటికీ జవాబు తెచ్చాకే బీరువా తాళంచెవి తీయండి. జవాబు తేలేని మగవాణ్ణి, తాళంచెవికి బదులు సావిట్లోకి పంపించండి. గోతాలు తీసి, ముందు ఆ బండి దుమ్ము దులిపి రమ్మనండి!