వందేళ్లు నిండేదాకా ఆగితే మిగిలేది మట్టే
స్వాతంత్య్రానంతర కట్టడాల రక్షణ కోసం తెలుగు రాష్ట్రాల పౌరులకు విజ్ఞప్తి



2017 ఏప్రిల్ 23 రాత్రి ఢిల్లీ ప్రగతి మైదానంలోకి యంత్రాలు దిగాయి. తెల్లారేసరికి హాల్ ఆఫ్ నేషన్స్ ప్రదర్శనశాల నేలమట్టమైంది. అప్పటికి దాని వయసు 45 ఏళ్లు. దాన్ని నిలపమని మన ఆర్కిటెక్టులు కోర్టు మెట్లెక్కారు, విదేశీ మ్యూజియంలు ఉత్తరాలు రాశాయి. 60 ఏళ్లు నిండని కట్టడాన్ని వారసత్వంగా చూడలేమని ఢిల్లీ వారసత్వ పరిరక్షణ కమిటీ తేల్చేసింది.

ఆ రాత్రి పోయింది మామూలు భవనం కాదు. స్వాతంత్య్రం వచ్చి పాతికేళ్లయిన సందర్భంలో, 1972 ఆసియా ప్రదర్శన కోసం ఆర్కిటెక్ట్ రాజ్ రేవల్ దాని రూపం గీశారు. అది నిలబడే లెక్క ఇంజినీరు మహేంద్ర రాజ్ కట్టారు. అంత విశాలమైన కప్పుకు సంపన్న దేశాలు ఉక్కు వాడేవి. మనకు ఉక్కు ప్రియం, పనిచేసే చేతులకు కొదవ లేదు. అందుకే ఆ త్రికోణాల చట్రం మొత్తాన్ని కాంక్రీటుతో, కూలీలు అక్కడికక్కడే పోత పోస్తూ లేపారు. 78 మీటర్ల మేర లోపల ఒక్క స్తంభం లేదు. బరువు మోసిన ఆ చట్రమే మన పాత కట్టడాల జాలీలా ఎండను అడ్డుకుంది. లేమిలోంచి పుట్టిన తెలివి అది. దాన్ని రాళ్లకుప్ప చేయడానికి ఒక్క రాత్రి చాలింది.

ఆధునిక నిర్మాణ శైలి యూరప్‌లో పుట్టిన మాట నిజమే. పైపై నగిషీలు వద్దు, కట్టడం దేనికోసమో ముందు అది ఆలోచించు, గాలీ వెలుతురూ అందరికీ దక్కాలి అన్నది దాని మూలసూత్రం. చండీగఢ్‌కు లె కార్బూజియే, అహ్మదాబాద్‌కు లూయీ కాన్ దాన్ని తెచ్చారు. ఆ తర్వాత మనవాళ్లు దాన్ని మన ఎండకు, మన వానకు, మన బడ్జెట్‌కు తగ్గట్టు మలిచారు. ఆ పని హైదరాబాద్‌లోనూ జరిగింది. ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ కార్యాలయ భవనాన్ని 1960ల్లో చార్లెస్ కొరియా రూపొందించారు. ఎండను యంత్రాలతో కాక కట్టడంతోనే ఎదుర్కోవాలన్నది ఆయన పట్టుదల. అదే సంస్థ ఉద్యోగుల టౌన్‌షిప్‌ను బి.వి. దోషీ తీర్చిదిద్దారు. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. రోజూ ఆ దారిన బస్సులో పోయే మనలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

"పెచ్చులూడుతున్నాయి, కూల్చక ఏం చేస్తాం?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, జవాబు చెప్పాలి. కాంక్రీటులోని క్షారగుణం లోపలి ఊచలకు తుప్పు పట్టకుండా చూస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి పాకి ఆ గుణాన్ని తగ్గిస్తుంది. పైగా తేమ తగిలితే ఊచ తుప్పుపట్టి ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి పైపొర పగిలి స్లాబు కింద ఎర్రటి ఊచలు బయటపడతాయి. చూడ్డానికి భయమేస్తుంది. కానీ చాలా సందర్భాల్లో దీనికి మందుంది. గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కాలి, ఊచల తుప్పు గీకి రక్షణ పూత వేయాలి, అరిగిపోయిన చోట కొత్త ఊచ కలపాలి, మరమ్మతు మోర్టారుతో పూడ్చాలి, నీరు దిగే దారి మూయాలి. కొన్ని భవనాలు ఈ దశ దాటిపోయి ఉండవచ్చు. ఆ మాట నిష్పాక్షికంగా పరీక్షించిన ఇంజినీరు చెప్పాలి. కూల్చాలని ముందే తీర్మానించుకున్నవారు చెబితే చెల్లదు.

అహ్మదాబాద్ ఐఐఎంలో రెండు దారులూ కనబడతాయి. కాన్ కట్టిన అక్కడి విక్రమ్ సారాభాయ్ గ్రంథాలయాన్ని మరమ్మతు చేసి నేటి చదువుకు పనికొచ్చేలా నిలబెట్టారు. ఆ పనికి 2019లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో అదే ప్రాంగణంలోని 18 హాస్టల్ భవనాల్లో 14 కూల్చాలని ప్రతిపాదించారు. ప్రపంచమంతా గొంతెత్తితే 2021 జనవరి 1న వెనక్కి తీసుకున్నారు. 2022లో మళ్లీ కూల్చి కట్టడం వైపే మొగ్గారు. గొంతెత్తితే గడువు దొరుకుతుంది. నిలబడే రక్షణ మాత్రం నిబంధనతోనే వస్తుంది.

ఆ నిబంధనే మనకు కరువైంది. 1958 నాటి కేంద్ర చట్టం కింద పురాతన కట్టడం అనిపించుకోవాలంటే కనీసం 100 ఏళ్లు నిండాలి. ఆ లెక్కన ఈసీఐఎల్ భవనం ఇంకా నాలుగు దశాబ్దాలు ఎదురుచూడాలి. వారసత్వ జాబితాలో పేరుంటే ఏం ఒరుగుతుందో హైదరాబాద్‌లోని నవాబుల కాలంనాటి ఎర్రమంజిల్ భవంతి చూపించింది. దాన్ని కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. ఆ జాబితాలో దాని పేరుండటం ఆ న్యాయపోరాటానికి ఆయువుపట్టయింది. నవాబుల భవంతికి దక్కిన ఆ అండ మన ప్రజల పన్నులతో లేచిన కట్టడాలకు ఎందుకు దక్కకూడదు?

పర్యావరణం మాటా ఉంది. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు తయారీ వాటా దాదాపు 7–8 శాతం. బాగుచేయదగ్గ కట్టడాన్ని కూల్చి, అదే చోట అద్దాల పెట్టె కట్టి, రోజంతా ఏసీలు తిప్పడం ఏ రకంగా ప్రగతి?

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను మేం కోరేది ఇది:

1. 1947 నుంచి 1990 దాకా కట్టిన ముఖ్యమైన ప్రజా భవనాలు, టౌన్‌షిప్‌లు, విద్యాసంస్థలన్నిటినీ సర్వే చేసి జాబితా ప్రకటించాలి. విలువను బట్టి చేర్చాలి, వయసును బట్టి కాదు.

2. జాబితాలోని దేన్నైనా కూల్చాలంటే యజమానికీ కాంట్రాక్టరుకూ సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజినీరు నివేదిక ఉండాలి. మరమ్మతు ఖర్చునూ కొత్త నిర్మాణ ఖర్చునూ పక్కపక్కన పెట్టి తెలుగులో ప్రచురించాలి.

3. అభ్యంతరాలు చెప్పడానికి ప్రజలకు 60 రోజుల గడువివ్వాలి. ఆ గడువులో పార కూడా తగలకూడదు.

4. ఆర్ అండ్ బీ గదుల్లో చెదలు తింటున్న అసలు నక్షాలను స్కాన్ చేసి భద్రపరచాలి. లేనివాటిని హైదరాబాద్ జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ విద్యార్థులతో కొలిపించి గీయించాలి.

5. కాంక్రీటు మరమ్మతులో మేస్త్రీలకు, సైట్ ఇంజినీర్లకు శిక్షణ ఇవ్వాలి. ఏటా నిర్వహణకు నిధులు విడిగా కేటాయించాలి.

భవనాలను వాడకుండా తాళం వేయమని మేం అనడం లేదు. లిఫ్టులు పెట్టండి, వైరింగ్ మార్చండి, వికలాంగులకు ర్యాంపులు కట్టండి. వాడుకలో ఉన్న కట్టడమే పదికాలాలు నిలుస్తుంది.

మీ ఊళ్లో ఆ కాలంనాటి గ్రంథాలయం, కళాభవనం, కాలేజీ, ఫ్యాక్టరీ కాలనీ ఏదుందో చూడండి. ఫొటోలు తీయండి, ఎప్పుడు కట్టారో, ఎవరు గీశారో పెద్దల్ని అడిగి రాసుకోండి. ఆ వివరాలతో మీ మున్సిపల్ కమిషనరుకు అర్జీ ఇవ్వండి, నకలు మీ ఎమ్మెల్యేకు పంపండి, రసీదు దాచుకోండి. టెండరు పడ్డాక చేసే గొడవ కన్నా, ముందే పెట్టిన ఒక్క అర్జీకి బలమెక్కువ. ఈ వారమే పెట్టండి.