బంతి అందుకునే హక్కు ఎవరిది?

2023 డిసెంబరు 30వ తేదీ రాత్రి. టెక్సాస్ రాష్ట్రంలోని ఆర్లింగ్టన్ నగరంలో డాలస్ కౌబాయ్స్, డెట్రాయిట్ లయన్స్ జట్ల మధ్య ఆట ముగియడానికి 23 సెకన్లు మిగిలి ఉన్నాయి. డెట్రాయిట్ ఒక్క పాయింటు వెనుకబడి ఉంది. బంతిని తన్ని ఒక పాయింటుతో సమం చేసుకునే సులువైన మార్గం ఉన్నా, ఆ జట్టు రెండు పాయింట్ల ప్రయత్నానికే సాహసించింది. టేలర్ డెకర్ అనే భారీకాయుడు గోలు గీత దాటి బంతిని ఒడిసి పట్టుకున్నాడు. గెలిచామని తోటివారు సంబరపడుతూ ఉండగానే మైదానంలో పసుపుపచ్చ గుడ్డ పడింది. పట్టిన తీరులో దోషం లేదు. పట్టిన మనిషికే ఆ హక్కు లేదన్నారు న్యాయనిర్ణేతలు.

అమెరికనుల ఫుట్‌బాల్‌కూ, కలకత్తా మైదానాలలో మోహన్ బగాన్ ఆడే ఫుట్‌బాల్‌కూ పేరొక్కటే గాని పోలిక స్వల్పం. అక్కడ బంతి చాలావరకు చేతులలోనే ఉంటుంది. తొలి రోజులలో దానిని పట్టుకుని గుంపుగా తోసుకుపోవడమే ఆట. ఆ తొక్కిసలాటలో యువకుల ప్రాణాలు పోతూ ఉండగా, 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాల ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి మందలించవలసి వచ్చింది. మరుసటి సంవత్సరం బంతిని ముందుకు విసరడానికి నిబంధనలు అనుమతించాయి. అయితే పదకొండు మందీ దాని కోసం పరుగెత్తితే ఎదుటి జట్టు ఎవరినని కాపలా కాయగలదు? అందుకే అర్హులు, అనర్హులు అనే విభజన.

మొదటి పరీక్ష నిలబడిన చోటు. బంతిని ఉంచిన స్థలం మీదుగా మైదానానికి అడ్డంగా ఒక ఊహారేఖ ఉంటుంది. దాడిచేసే జట్టులో ఏడుగురు ఆ రేఖ పొడవునా నిలబడతారు. నలుగురు వెనుక ఉంటారు. ఏడుగురిలో రెండు కొసల నున్న ఇద్దరూ, వెనుకనున్న నలుగురూ అర్హులు. నడుమనున్న ఐదుగురి పని ఎదుటివారిని అడ్డుకోవడం మాత్రమే. చిక్కంతా కొసల వద్దనే ఉంది. కొసనున్నవాడికి అవతల అదే వరుసలో మరొకడు వచ్చి నిలబడ్డాడో, మొదటివాడు కొసవాడు కాకుండా పోతాడు, అర్హతా పోతుంది. ఒక్క అడుగు తేడాతో ఇంత జరుగుతుంది గనుక మైదానం రెండు అంచుల వద్దా చెరొక న్యాయనిర్ణేత నిలబడి ఆ రేఖనే గమనిస్తూ ఉంటారు. తమవైపు చివరి ఆటగాడు రేఖకు వెనుకగా ఉంటే చేయి చాచి సంజ్ఞ చేస్తారు. క్రికెట్‌లో లెగ్ వైపు క్రీజుకు వెనుక ఇద్దరికి మించి ఫీల్డర్లు చేరారేమోనని స్క్వేర్ లెగ్ అంపైరు లెక్కించుకోవడం చూసిన మనవారికి ఈ పని మరీ కొత్తగా తోచదు.

రెండవది జెర్సీ మీది అంకె. 50 నుంచి 79 వరకు అంకెలు ధరించే అడ్డుకునేవారు ఎక్కడ నిలబడినా బంతికి అనర్హులే. ఎదుటి జట్టువాడి చేయి బంతికి తగిలితే మాత్రం ఆ క్షణం నుంచి అందరూ అర్హులే!

కాలేజీ ఆటలో కథ ఇంతటితో సరి. వృత్తిక్రీడాకారుల నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో మూడవ మెట్టు ఒకటుంది: అనర్హమైన అంకె గలవాడు కూడా ముందుగా రిఫరీ వద్దకు వెళ్ళి చెప్పుకుంటే ఆ ఒక్క ఎత్తుకు అర్హుడవుతాడు. రిఫరీ ఆ సంగతిని ఎదుటి జట్టుకు తెలిపి, మైకులో ప్రకటిస్తాడు. అర్హుడు అనర్హుడుగా మారాలన్నా ఇదే పద్ధతి. 2015 జనవరిలో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు ఈ వెసులుబాటును తెలివిగా వాడుకున్నది. 34వ అంకె గల షేన్ వెరీన్ అనర్హుడుగా చెప్పుకుని, బంతి అందుకునేవాడి వలె దూరంగా నిలబడ్డాడు. బాల్టిమోర్ రేవెన్స్ అతడిని కాపు కాస్తూ ఉండగా, అడ్డుకునేవాడి స్థానంలో నిలిచిన అర్హుడొకడు ఖాళీగా పరుగెత్తి బంతి అందుకున్నాడు. గుర్తుపట్టే వ్యవధి ఇవ్వలేదని బాల్టిమోర్ శిక్షకుడు జాన్ హార్బా మైదానంలోకి దూసుకువచ్చి శిక్షకు గురయ్యాడు. పేట్రియట్స్ 35-31తో గెలిచారు. అలా చెప్పుకున్నవాడు ఇకపై నడుమనున్నవారి దరిదాపులలోనే నిలబడాలని ఆ మార్చిలోనే నిబంధన మార్చారు. కొంత ఆలస్యమైనా న్యాయమైన సవరణే.

డెట్రాయిట్ విషయంలో ముడి ఇక్కడే పడింది. డెకర్ అంకె 68. ప్రత్యర్థిని తికమక పెట్టాలని ఆ జట్టు ముగ్గురు అడ్డుకునేవారిని ఒకేసారి రిఫరీ వైపు నడిపించింది. తన అర్హతను చెప్పుకున్నానని డెకర్ అన్నాడు. రిఫరీ బ్రాడ్ అలెన్ చెవికెక్కింది మాత్రం 70వ అంకె గల డాన్ స్కిపర్ పేరు. అంతకు ముందు కూడా అదే ఆటలో స్కిపర్ అలా చెప్పుకుని ఉన్నాడు. మైకులో 70 అనే ప్రకటన వెలువడింది. అంచున నిలబడి రేఖను చూసే కళ్ళకు ఇందులో చేయగలిగింది లేదు. ఎవరు ఎవరితో ఏమన్నారన్నదే ప్రశ్న. ప్రత్యర్థి కోసం పన్నిన తికమకలో రిఫరీ చిక్కుకున్నాడంటే ఆ జట్టు బాధ్యత బొత్తిగా లేదనలేము.

ఈ ఎత్తును ఆటకు ముందే న్యాయనిర్ణేతలకు వివరించి చెప్పానని డెట్రాయిట్ శిక్షకుడు డాన్ క్యాంప్‌బెల్ తరువాత అన్నాడు. మళ్ళీ చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. డాలస్ 20, డెట్రాయిట్ 19 అని ఫలితం నమోదైంది.